తొమ్మిదో కుప్ప

ఆ శనివారం మధ్యాహ్నం మా ఆయన తూరే తెచ్చి మాంసం కొట్లో వేలాడదీసిన ఆడ మూస్‌కి పొదుగు లేదు.

మిగతావన్నీ ఉన్నాయి. దుప్పి జాతిలోకెల్లా పెద్దది కదా, గుర్రానికి కూడా లేనంత పొడుగు కాళ్లు, ఎత్తైన మూపు, గడ్డం కింద వేలాడే తోలు, ఏదీ తక్కువ కాలేదు. పొదుగు ఉండాల్సిన చోట మాత్రం సాసరంత గుండ్రంగా కోసేసిన గాటు ఉంది.

నేను ఆ కొట్లో కత్తి పట్టి ఇరవై రెండేళ్లయింది. మా వేట జట్టులో మిగతావాళ్లు కాలుస్తారు, ఆ తర్వాత ఎలా కాల్చారో ఏడాది పొడుగునా చెబుతారు. తోలు తీసేది, కోసేది, కడిగేది నేను. యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుకున్నందుకు నాకు దక్కిన ప్రయోగశాల అదే. పొదుగు కొట్టుకి రావడం మా లోంగ్‌మిర్ జట్టు పద్ధతి, మా మామగారు పెట్టింది. దాన్ని నేను పిండి చూస్తాను. పాలు రాకపోతే గోడకున్న పలక మీద "పిల్ల లేదు" అని రాస్తాను. వస్తే, కాల్చినవాడు ఆ పలక ముందు నిలబడి అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఎందుకంటే మూస్ వేటలో మొదటి నియమం, చిన్నపిల్లలకి కూడా తెలిసిన నియమం: ముందు పిల్లని కాల్చాలి, ఆ తర్వాతే తల్లిని. తల్లిని ముందు పడగొడితే పిల్ల అడవిలో మిగిలిపోతుంది.

"పొదుగు ఏది?" అన్నాను.

"ఆఁ?"

"పొదుగు, తూరే. వెనక కాళ్ల మధ్య ఉంటుంది. నీకు గుర్తుండే ఉంటుంది."

"ఓ, అదా. గొడ్డుదిలే. బురదలో పడితే పేగులతో పాటు అక్కడే వదిలేశా."

"పిండి చూశావా?"

"గొడ్డుదంటుంటే ఇంకా పిండేదేముంది?"

చెప్పి సింకు దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు. మామూలుగా తూరే వేళ్లు తడిపి ప్యాంటుకి తుడుచుకునే రకం. ఆ రోజు సబ్బు రుద్ది మోచేతుల దాకా కడిగాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ సబ్బు అర్థం నాకు తెలుసు.

నేను తల వైపు వెళ్లి చూశాను. ఎడమ చెవి చివర రెండుగా చీలి ఉంది.

ఆ చెవి నాకు తెలుసు. ఆరేళ్లుగా నా వంటింటి కిటికీ ముందు నుంచి నడుస్తున్న చెవి అది. వేసవంతా పైన పెద్ద గట్టు మీద, భోజపత్ర చెట్ల మధ్య ఉంటుంది. కొండ మీద మొదటి మంచు మోకాలు దాకా రాగానే కింద లోయలోని పైన్ అడవికి దిగుతుంది. దిగేది ఎప్పుడూ ఒకటే దారి. వేటగాళ్లు పొంచి కూర్చునే ఏడో మాటు కింద నుంచి వాగు వంపు దాటి, నా బంగాళాదుంపల మడిని మూలగా తొక్కి, రోడ్డు మలుపులో, ఒకప్పుడు పాలడబ్బాలు పెట్టిన పాత అరుగు దగ్గరే దాటుతుంది. ఆ మడి చుట్టూ తూరే మూడుసార్లు కంచె వేశాడు. మూడుసార్లూ అది కంచెని పట్టించుకోలేదు. కంచె కన్నా ఆ దారి పాతది మరి. వాళ్లమ్మ వెంట ఒక శీతాకాలం నడిచి నేర్చుకుంది. తన పిల్లకీ అలాగే నేర్పుతుంది, ఒక్కసారి వెంట నడిపించి.

నాలుగు రోజుల క్రితం, మంగళవారం పొద్దున, నేను కిటికీ దగ్గర దుంపల తొక్క తీస్తుంటే అది వచ్చి నా కేల్ ఆకులన్నీ తినేసి పోయింది. దాని వెనక ఇరవై అడుగుల్లో ఎర్రమట్టి రంగు పిల్ల ఒకటి, తల్లి వదిలేసిన కాడల్ని నములుతూ నిలబడింది.

"ఈ చెవి నేనెరుగుదును. దీనికి పిల్ల ఉంది," అన్నాను.

"చెవి చిరిగినవి ఈ అడవిలో వంద ఉంటాయి గున్‌వోర్."

"వందా నా కేల్ తినవు."

"పొద్దున్నుంచి నిలబడే ఉన్నా. కాఫీ ఉందా లేదా?"

కాఫీ ఉంది. ఇచ్చాను. కాఫీ ఇవ్వనంత కోపం అప్పటికింకా రాలేదు.

కాల్చింది హెన్నింగ్. పొద్దున నేను వంటింట్లో దాల్చినచెక్క బన్నులు చుడుతూ జట్టు రేడియో వింటున్నాను. "ఏడో మాటులో ఒంటరి ఆడది. పడింది," అన్న ఆయన గొంతు, చర్చిలో ప్రకటన చదివినట్టు, స్వయంగా విన్నాను. ఆయనది మంచి గొంతు. మంచి కోటు, మంచి తుపాకీ కూడా. మా జట్టు వేటాడే అడవిలో మూడో వంతు ఆయనదే, అదీ నడిమధ్యలో. ఆయన "నా అడవిలోకి రావద్దు" అన్నాడంటే మాకు మిగిలేది రెండు చివరలు, ఒక బురదగుంట. అందుకే ఆయన చెప్పే జోకులకి మా జట్టంతా రెండుసార్లు నవ్వుతుంది, ఒకసారి అర్థం కానప్పుడు, ఇంకోసారి అర్థమయ్యాక.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా అత్తగారు హిల్దూర్ కూడా ఉన్నారు. ఎనభై నాలుగేళ్లు. పళ్లు సగం పోయినా నాలుక పదును తగ్గలేదు.

"ఎవరు కాల్చారట?" అన్నారు.

"హెన్నింగ్," అన్నాడు తూరే.

"అయితే నిలబడి ఉన్నదాన్నే కాల్చుంటాడు. కదిలేవాటితో వాడికి పడదు."

"అమ్మా."

"ఏరా, నిజమేగా. పోయినేడు మైలురాయిని కాల్చాడు."

తూరే పళ్లెంలోకి చూస్తూ తిన్నాడు. రేడియోలో వాతావరణం వచ్చింది. సోమవారం నుంచి పెద్ద మంచు, కొండ మీద అర మీటరు. నేను తూరే వైపు చూశాను. తూరే ఉప్పుబుడ్డి వైపు చూశాడు.

ఆదివారం పొద్దున్నే బకెట్ పట్టుకుని "లింగన్ పళ్లకి వెళ్తున్నా" అని బయల్దేరాను. మంచు కొట్టి ఆ పళ్లు పది రోజుల క్రితమే మెత్తబడిపోయాయి. తూరే ఒక్క ప్రశ్న అడగలేదు. అడగనందుకు ఇంకొంచెం మండింది.

ఏడో మాటు మా ఇంటి నుంచి నలభై నిమిషాల ఎక్కుడు. పేగుల కుప్ప దగ్గర కాకులు సభ పెట్టుకుని ఉన్నాయి, నన్ను చూసి లేచాయి. పొదుగు అందులో లేదు. బురదలో పడిందన్నాడు కదా, బురద కూడా లేదు, అదంతా ఎండు నాచు. ఒకచోట నాచు మాత్రం చాపలా లేచి ఉంది, దాని మీద రాయి. రాయి తీశాను. నాచు ఎత్తాను.

పొదుగు చల్లగా, బరువుగా ఉంది. చన్ను పట్టుకుని రెండు వేళ్లతో నొక్కాను. పసుపు కలిసిన తెల్లటి చిక్కటి పాలు నా బొటనవేలి మీద పడ్డాయి.

వేటగాడు పొరపాటు చేయడం వేరు. పొగమంచుంటుంది, కళ్లు మోసం చేస్తాయి, కుక్క తప్పుడు వైపు మొరుగుతుంది, అన్నీ ఉంటాయి. కానీ ఇది నాచు కత్తిరించి, రాయి వెతికి తెచ్చి, మీద పెట్టడం. ఆ నాచుని అంత నీటుగా చదరంగా కోసేది మా ఇంట్లో ఒక్కరే. నా బంగాళాదుంపల మడికి గట్లు కూడా అలాగే కోస్తాడు.

చుట్టూ చూశాను. నెత్తురు ఎండిన చోటు చుట్టూ చిన్న గిట్టల జాడలు. నిన్నటివి కొన్ని, అంచులు ఆరిపోయి. ఈ పొద్దుటివి కొన్ని, లోపల మట్టి ఇంకా పచ్చిగా. వచ్చి, నిలబడి, వెళ్లి, మళ్లీ వచ్చింది. తల్లిని ఆఖరుసారి ఎక్కడ చూసిందో మూస్ పిల్ల అక్కడికే వస్తుంది. దానికి తెలిసిన చిరునామా అదొక్కటే. దిగువకి దారి ఇంకా ఎవరూ చూపించలేదు.

పొదుగుని బకెట్లో పెట్టి, పైన కొంచెం నాచు కప్పి ఇంటికొచ్చాను. ఆ నాచు కప్పడం నేను మా ఆయన దగ్గర నేర్చుకున్నాను.

తూరే కట్టెల దగ్గర ఉన్నాడు. బకెట్ ఆయన కాళ్ల దగ్గర దించాను. చూశాడు. గొడ్డలి మొద్దులో గుచ్చి నిలబడ్డాడు.

"పిల్ల అక్కడే తిరుగుతోంది," అన్నాను. "ఈ పొద్దుటి జాడలున్నాయి. రేపు మంచు. ఇవాళే వెళ్లి కూర్చుని దాన్ని కూడా కాల్చెయ్యి, ఆకలికి చావకుండా."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నిన్న నేను వెళ్లగానే దాని జాడలు చూశా. హెన్నింగ్ మొహం తెల్లబోయి ఉంది. ఎవరికీ చెప్పొద్దు తూరే అన్నాడు. ఆ మనిషి నన్ను బతిమాలడం ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"లేదు. నువ్వు దానికంత ముచ్చట పడతావనీ అనుకోలేదు."

"నీకు వెటకారం. పిల్ల కోసం వెళ్తే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే ఆయన పరువు పోతుంది. పరువు పోతే అడవి పోతుంది. ఎనిమిది కుటుంబాల వేట. ఒక్క పిల్ల కోసమా?"

"అయితే దాన్నేం చేద్దామని?"

"ఏముంది, ఇంకో ఆడది చేరదీస్తుంది. దాని వెంట దిగిపోతుంది."

అప్పటిదాకా నాలో ఉన్నది కోపం కాదని అప్పుడర్థమైంది. అది ఊరికే వేడి.

"ఇంకో ఆడది! ముప్ఫై ఏళ్లు ఈ అడవిలో తిరిగి నువ్వు నేర్చుకున్నది ఇదా? ఇవేమన్నా గొర్రెలా తూరే, మందలో కలిసిపోడానికి? మే నెల వస్తే కన్నతల్లే ఏడాది పిల్లని తన్ని తరిమేస్తుంది, కొత్తది పుట్టబోతోందని. అలాంటిది పక్కదాని పిల్లని చేరదీస్తుందా? శీతాకాలంలో ఒకే పైన్ అడవిలో పది నిలబడతాయి, నిజమే. కానీ ఎవరి కొమ్మ వాళ్లది. మన చర్చిలో బెంచీల్లాగా. ఇది దగ్గరికెళ్తే చెవులు వెనక్కి పెట్టి ముందు కాళ్లతో కొడతాయి. అర మీటరు మంచులో ముందు నడిచి దారి తొక్కేదెవరు? నువ్వు తొక్కుతావా? హెన్నింగ్ గారు తొక్కుతారా, ఆ కోటేసుకుని?"

"కొన్ని బతుకుతాయి."

"కొన్ని. మిగతావి ఎలా చస్తాయో నీకు తెలుసు. రెండేళ్ల క్రితం మార్చిలో చెరువు దగ్గర దొరికినదాన్ని నువ్వే మోశావు. సంచిలో ఎముకలున్నట్టుందన్నావు."

తూరే మెల్లగా అన్నాడు, "ఈ ఒక్కరోజు ఊరుకో గున్‌వోర్. మధ్యాహ్నం పంపకాలున్నాయి. అందరూ వస్తారు. గొడవ చెయ్యకు."

"సరే," అన్నాను.

నేను సరే అన్నప్పుడు భయపడాలని ఆయనకి ఇన్నేళ్లలో ఎందుకు తట్టలేదో!

పంపకాల పద్ధతి మాకు పాతది. ముందు వారం కాల్చిన మూస్‌ల మాంసం వేలాడి మగ్గాక, దాన్ని పొడుగు బల్ల మీద ఎనిమిది కుప్పలుగా వేస్తాను, జట్టులో ఎనిమిది మందికి. ప్రతి కుప్పలోనూ తొడ ముక్క, జబ్బ ముక్క, పులుసు ఎముకలు, కొంత కీమా. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అన్న మాట రాకూడదు గనక, ఒకరు గోడ వైపు తిరిగి నిలబడతారు. నేను ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంటాను. వాళ్లు చూడకుండా ఒక పేరు చెబుతారు. చెప్పిందే ఖాయం. దాని మీద ఇంతవరకూ ఎవరూ నోరెత్తలేదు. గోడ వైపు తిరిగేది మా అత్తగారు, కుర్చీ వేసుకుని.

ఆ రోజు బల్ల చివర తొమ్మిదో కుప్ప ఉంది. మీద శుభ్రమైన గళ్ల తుండు కప్పాను. ఎవరైనా అడిగితే కాలేయం అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. తుండు కప్పి ఉన్నదాన్ని ఆడవాళ్ల వ్యవహారం అనుకుంటారు.

పన్నెండుకి అందరూ వచ్చారు. హెన్నింగ్ చేతికి కాఫీ ఇచ్చాను, అంచు పగిలిన కప్పులో. వేటలో కుక్కని తిప్పే యోర్దిస్ తలుపు దగ్గర నిలబడింది, తన కాళ్ల మధ్య బూడిదరంగు కుక్క రాప్. ఆ అమ్మాయి మొహం శనివారం నుంచీ బాగాలేదు.

"ఇది ఎవరికి?"

"యోర్దిస్‌కి," అన్నారు అత్తగారు గోడకి.

"ఇది ఎవరికి?"

"హెన్నింగ్‌కి. కొంచెం మెత్తటి ముక్కే పడిందా? కదలనిది."

నవ్వారు. హెన్నింగ్ కూడా నవ్వాడు, మంచి గొంతుతో. అలా ఎనిమిదీ అయ్యాయి. సంచులు తీస్తున్నారు. నేను తొమ్మిదోదాని మీద చెయ్యి పెట్టాను.

"ఇది ఎవరికి?"

అత్తగారి మెడ కదిలింది. "ఏమే, ఎనిమిదేగా మనుషులు? ఇంకోటెక్కడిది?"

"ఉంది అత్తయ్యా. మీరు చెప్పండి."

"గున్‌వోర్," అన్నాడు తూరే. పేరు ఒక్కటే. అందులో బతిమాలడమూ ఉంది, బెదిరించడమూ ఉంది.

అత్తగారు కుర్చీలో సర్దుకున్నారు. "అయితే మా తూరేకి వెయ్యి. జట్టు నాయకుడు కదా, మిగిలింది వాడిదే."

తుండు తీశాను.

కొట్లో ఎవరి సంచీ చప్పుడు చేయలేదు. పొదుగు బల్ల మీద తెల్లగా, నాచు ముక్కలు అంటుకుని ఉంది. చన్ను పట్టుకుని అందరూ చూస్తుండగా నొక్కాను. పాలు ప్లాస్టిక్ గుడ్డ మీద బొట్టుగా పడ్డాయి.

"ఏడో మాటు దగ్గర రాయి కింద దొరికింది," అన్నాను. "గొడ్డుదట. గొడ్డుదానికి పాలు రావడం నా చదువులో లేదు. ఎవరైనా చెబితే నేర్చుకుంటాను."

ముందుగా కదిలింది యోర్దిస్. "నేను చెప్పాను!" అంది. "రాప్ రెండువైపులకీ మొరిగాడు. ఆగండి, వెనకాల ఇంకోటుంది అని రేడియోలో చెప్పాను హెన్నింగ్. రెండుసార్లు చెప్పాను."

"రేడియో గరగరలాడింది అమ్మాయ్," అన్నాడు హెన్నింగ్.

"నా వంటింట్లో గరగరలాడలేదే," అన్నాను. అది కొంచెం అబద్ధం. ఆ సమయానికి నేను ఓవెన్ తలుపు తీస్తున్నాను, యోర్దిస్ మాట వినలేదు. కానీ ఆయన మొహం చూస్తే సరిపోయింది.

"ఆడది బయటికొచ్చింది. ఒక్కతే. నా ముందు ఒక్కటే ఉంది," అన్నాడు.

"బయటికొచ్చి ఏం చేసింది?"

"ఏం చేసిందంటే? నిలబడింది."

"నిలబడి?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "వెనక్కి చూసింది."

అందరికీ అర్థమైంది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. మూస్ తల్లి ముందు నడుస్తుంది, పిల్ల వెనక వస్తుంది. ఆడది ఆగి వెనక్కి చూసిందంటే, రావాల్సినవాళ్లు ఇంకా ఉన్నారని. అప్పుడు ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి ఎదురుచూడాలి. చలికి కాళ్లు కొయ్యబారినా సరే, చూడాలి.

"వెనక్కి చూసిందని తెలిసీ కాల్చావా?" అన్నారు అత్తగారు. ఆవిడ ఇంకా గోడవైపే ఉన్నారు. తిరగడం మర్చిపోయారో, తిరగాలనిపించలేదో.

"అమ్మా, ఆయన్నొక్కణ్ణే అనకు. పొదుగు కోసింది నేను," అన్నాడు తూరే.

"నిన్ను అనలేదని ఎవరన్నారు? నీ వంతు ఇంకా రాలేదు."

హెన్నింగ్ కోటు గుండీలు పెట్టుకున్నాడు, కిందనుంచి పైకి, ఒక్కొక్కటీ. "నలభై ఏళ్లుగా నా అడవి మీకు తెరిచి పెట్టాను. ఒక్క పొరపాటుకి నన్ను ఇలా బల్ల మీద పెట్టి పిండుతారా? మంచిది. వచ్చే ఏడాది నుంచి నా హద్దుల్లో ఎవరూ అడుగు పెట్టకండి." తన కుప్ప తీసుకోకుండా వెళ్లిపోయాడు. కారు కంకర మీద తిరిగిన చప్పుడు విన్నాం.

అప్పుడు మిగిలిన కళ్లన్నీ నా మీదికి తిరిగాయి. ఆయన మీద ఉండాల్సిన కోపం కూడా నాకే వచ్చింది, పంపకంలో నా వాటాగా.

"సంతోషమా?" అన్నాడు ఒకాయన. "మా నాన్న మాటు ఆయన అడవిలో ఉంది. మా తాతది కూడా."

"లేదు, సంతోషం లేదు. పిల్ల ఇంకా అక్కడే ఉంది. రెండు గంటల నుంచి మీరంతా అడవి గురించే బాధపడుతున్నారు. అడవిలో ఉన్నదాని గురించి ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నా."

నిజానికి పది నిమిషాలే అయింది. నాకు రెండు గంటల్లా ఉంది.

"రాప్‌ని తీసుకురానా?" అంది యోర్దిస్.

"వద్దమ్మా. కుక్కని చూస్తే కొండెక్కి పారిపోతుంది. కదలకుండా కూర్చుంటే అదే వస్తుంది."

తూరే పలక దగ్గరికి వెళ్లాడు. సుద్దముక్క తీసుకుని నిన్నటి తేదీ కింద "పిల్ల ఉంది" అని రాశాడు. దాని కింద కాల్చినవాడి పేరు రాయాలి. హెన్నింగ్ అని రాసి, పక్కన తన పేరు కూడా రాశాడు. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి తుపాకీ తీసుకొచ్చాడు.

నేనూ బూట్లు తొడుక్కున్నాను.

"నువ్వెందుకు?" అన్నాడు.

"కనపడలేదని చెప్పి తిరిగొస్తావేమోనని."

ఆ మాటకి తూరే చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు. ముందు రోజు వరకూ ఆ మాట నా నోటికి రాగలదని నాకూ తెలియదు.

మూడు గంటలకి ఏడో మాటు చేరి, గాలికి ఎదురుగా ఒక పడిపోయిన పైన్ మొద్దు వెనక కూర్చున్నాం. కాకులు పని ముగించుకుని వెళ్లిపోయాయి. మా మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తగ్గించలేదు. ఆకాశం కిందికి దిగి బూడిదరంగుకి తిరిగింది. తూరే ఒకసారి ఫ్లాస్కు నా వైపు జరిపాడు. నేను తాగలేదు. చలికి పళ్లు కొట్టుకున్నాయి, అయినా తాగలేదు.

అయిదు కాకముందే వచ్చింది. చప్పుడు లేదు. అక్కడ ఏమీ లేదు, తర్వాత ఉంది. అయిదు నెలల పిల్ల, పొట్టి గుర్రమంత, కాళ్లు ఒంటికి సరిపడనంత పొడుగు. మూడు అడుగులు వేసి ఆగింది. చెవులు ముందుకి పెట్టింది. నెత్తురు ఎండిన చోట ముక్కు ఆనించి, ఒకసారి మూలిగింది, తలుపు కీచుమన్నట్టు సన్నగా. జవాబు కోసం తల ఎత్తి నిలబడింది. మళ్లీ మూలిగింది.

తూరే తుపాకీ ఎత్తాడు. చెంప ఆనించాడు. పక్కకి తిరిగి నిలబడింది, ఎంతో తేలికైన గురి. నేను చెవులు మూసుకోబోయాను. చప్పుడు రాలేదు. తూరే తుపాకీ దించాడు.

"నా వల్ల కావట్లేదు," అన్నాడు, పెదాలతో.

"నీ వల్ల కాకపోతే మంచు వల్ల అవుతుంది," అన్నాను అంతే మెల్లగా. "దానికి మూడు నెలలు పడుతుంది. నీకు ఒక్క క్షణం. దాయడానికి చేతులొచ్చాయి కదా, దీనికీ రావాలి."

"నువ్వింత కఠినంగా..."

"నేను కాదు తూరే. నేను నాచు కొయ్యలేదు."

ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. వేరే రోజైతే నా చెయ్యి దానంతటదే వెళ్లి ఆయన భుజం మీద పడేది. ఆ రోజు దాన్ని జేబులోనే ఉంచాను, పిడికిలి బిగించి. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఊపిరి సగం వదిలి ఆపాడు, మా మామగారు నేర్పినట్టు.

పిల్ల నిలబడ్డ చోటే మోకాళ్ల మీద పడి, పక్కకి ఒరిగింది. ఒక్క కాలు కదిలింది. అదీ ఆగింది. మంచి దెబ్బ. దానికి తెలిసి కూడా ఉండదు.

తూరే వెంటనే లేవలేదు. నేను లేచి వెళ్లాను. కన్ను తాకి చూశాను. పిల్ల మెడ మీద బొచ్చు ఇంకా మెత్తగా, నిన్నటిదాకా ఎవరో నాకినట్టు ఒకవైపుకి ఉంది. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చింది మళ్లీ కోపమే, ఈసారి ఎవరి మీదా ఆనకుండా, అడవంతా పరుచుకుని.

తూరే వచ్చి కత్తి తీశాడు. ఇద్దరం కలిసి పని చేశాం, ఆయన కోస్తుంటే నేను కాళ్లు పట్టుకున్నాను. ఆవిరి లేచింది. పని సగంలో ఉండగా మంచు మొదలైంది. సోమవారం అని చెప్పిన మంచు ఆదివారమే, పెద్ద పెద్ద రేకులుగా, గాలి లేకుండా. ఆయన చేతుల మీద, నెత్తురు మీద, తెరిచి ఉన్న కన్ను మీద పడింది.

ముందు కాళ్లకి తాడు కట్టి, చెరో కొస భుజాన వేసుకుని దిగువకి లాగడం మొదలెట్టాం. వాగు వంపు దాకా వచ్చేసరికి నేల తెల్లబడింది. బరువుకి నా భుజం కోసుకుపోతోంది.

"గున్‌వోర్," అన్నాడు తూరే, ముందుకే చూస్తూ. "అందరికీ నేనే చెప్పుండాల్సింది. నిన్ననే. నువ్వడిగినప్పుడే."

"అవును."

"ఇంకేమీ అనవా?"

అనడానికి చాలా ఉంది. ఒక శీతాకాలానికి సరిపడా ఉంది. ముందు రోడ్డు మలుపు కనపడుతోంది, మంచు మా వెనక జాడల్ని అప్పుడే పూడ్చేస్తోంది, ఇద్దరమూ రొప్పుతున్నాం.

"నీ వైపు తాడు వదులైంది," అన్నాను. "లాగు."